ఎముక లోపలి పేరు

నెల్లూరులో మా మ్యూజియం ఎడమ చేతి హాల్లో ఒక డైనోసార్ ఉంది. దాని మెడ ఒక గోడ దగ్గర మొదలై ఎదుటి గోడ దగ్గర ముగుస్తుంది. దాన్ని చేసింది నేను. హాలు బయట బిగించిన శిలాఫలకం మీద నా పేరు లేదు. అందుకు నాకేమీ ఏడుపు లేదు. ఉండాల్సిన ఇంకొకరి పేరు లేదు. ఈ రాత అందుకోసం.

నా పేరు దేవదానం. ముప్పై మూడేళ్లు మోడలర్‌గా పనిచేశాను. మోడలర్ అంటే ప్లాస్టరు, ఇనుప చువ్వలు, జిగురు, ఫైబరు కలిపి, లేని జంతువును ఉన్నట్టు నిలబెట్టేవాడు. ఈ మధ్య మ్యూజియం ఉద్యోగాలకు తయారవుతున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారని అడిగారు. అది నాకు తెలీదు. చేరాక ఏం జరుగుతుందో మాత్రం తెలుసు. ప్రమోషన్లు, ఫైళ్లు, బదిలీలు వదిలేస్తాను, అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. నేను చేసిన రెండు తప్పులు, తల వంచని ఒక రోజు, వీటి గురించే చెబుతాను. నా నోరు మంచిది కాదని మా ఆఫీసులో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

లోపలి సంతకం

నాకు పని నేర్పింది సుందరం మేస్త్రి. తడ అవతలి నుంచి వచ్చినవాడు, సగం అరవం సగం తెలుగు కలిపి తిట్టేవాడు. ఆయన దగ్గర ఒక ఆచారం ఉండేది. బొమ్మను రెండు సగాలుగా పోత పోసి చివర కలిపి మూసేస్తాం కదా, అలా మూసే ముందు పనివాడు లోపలి వైపు మేకుతో తన పేరు గీకాలి. బయటికి కనపడదు. బొమ్మ పగిలితే తప్ప ఆ పేరు వెలుతురు చూడదు.

నేను చేసిన మొదటి మొసలిని పేరు గీకకుండా మూయబోయాను. చేతి మీద ఒక్కటిచ్చాడు.

"ఏరా, బయట ఆఫీసరు పేరు పెడతారు. లోపల మన పేరు. రేపు దీని కాలు వంకరగా ఉందంటే ఎవణ్ణి తన్నాలో తెలియాల గదరా!"

అప్పుడు నవ్వుకున్నాను. చాలా ఏళ్లకు అర్థమైంది, ఆయన పేరును గొప్ప కోసం రాయించలేదని. మంచికీ చెడుకీ నేనే ఉన్నానని ఒప్పుకునేవాడే పేరు రాయాలి. ఆ లెక్కన శిలాఫలకాల మీద ఉన్న పేర్లలో సగం ఎగిరిపోతాయి.

తిమింగలం తోక

ఉద్యోగంలో చేరిన కొత్తలో తోటపల్లి గూడూరు వైపు ఒడ్డుకి ఒక తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది. ఇసుకలో పాతిపెట్టించి, మాంసమంతా పోయాక ఎముకలు తెచ్చి హాల్లో నిలబెట్టడం నా పని. వెన్నెముకలు వరసగా పేర్చి, తోకను చేప ఈదుతున్నట్టు పక్కకు వంచి ఇనుప చువ్వకు బిగించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

ఎముకలు తవ్వేటప్పుడు మాకు సాయం చేసిన పోలయ్య అనే ముసలి జాలరి ఉండేవాడు. ఆయన ఒకరోజు చూడ్డానికొచ్చాడు. చుట్టూ తిరిగి తోక దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంది నాయనా, తోక పక్కకి తిప్పినావు?"

"ఈదుతోంది పెద్దాయనా."

"చేప గదా పక్కలకి కొట్టేది. ఇది కిందకీ మీదకీ కొడతది. పిల్లకి పాలిచ్చేదానికీ చేపకీ తేడా లేదా? నేను పడవలోంచి ఎన్నిసార్లు చూసుంటా!"

పుస్తకం తీసి చూశాను. ఆయన మాటే కరెక్టు. తోక విప్పి కిందకు వంచి బిగించాను. తర్వాత బోర్డు రాయించాం. ఎముకల అమరిక అని రాసి, అప్పటి మా ఆఫీసరు పేరు, దాని కింద నా పేరు. నా జీవితంలో నా పేరు బయట పడిన బోర్డు అదొక్కటే. వారం రోజులు దాని ముందు నుంచే నడిచాను, అవసరం ఉన్నా లేకపోయినా.

కొన్నేళ్ల తర్వాత పోలయ్య చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాడు. తోక ఎవరు సరిచేయించారో దారంతా చెప్పుకుంటూ వచ్చినట్టున్నాడు. ఆయనకు చదువు రాదు. బోర్డు చూపించి, "చదువు నాయనా" అన్నాడు. చదివాను. చివరి దాకా విని, "నా పేరు లేదా?" అని అడిగాడు.

"చోటు చాల్లేదు పెద్దాయనా" అన్నాను. పచ్చి అబద్ధం.

ఆయన తిమింగలం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "ఇంత తిమింగలానికి చోటు దొరికింది. నా పేరుకి దొరకలేదా?" అని నవ్వేసి, చుట్టాలను తీసుకుని వెళ్లిపోయాడు. కోపగించుకుని ఉంటే బాగుండేది. బోర్డు మార్పిద్దామని ఆ సాయంత్రమే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. నాలుగేళ్ల తర్వాత వాళ్ల పాలెం వెళితే ఆయన పోయాడని చెప్పారు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మెడ కూలిన మధ్యాహ్నం

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు డైనోసార్ల ప్రదర్శన పెట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఎముకలు పేర్చి, పేర్లు రాసి వదిలేసే ప్రదర్శన కాదిది. అంత ఒళ్లున్న జంతువు ఎలా బతికిందో చూపించాలి. అంత పొడుగు మెడ చివర ఉన్న తలకు గుండె నెత్తురు ఎలా ఎక్కించింది, నమలడం రాని నోటితో రోజంతా అంత ఆకు ఎలా మింగింది, అంత దూరం నుంచి ఊపిరి ఎలా లాగింది, ఇవన్నీ. ఇంత మంచి పని నాకు ఉద్యోగం మొత్తంలో ఇంకోటి దొరకలేదు.

మా చర్చి సంఘంలో ఒక పెద్దాయన, "ఏం దేవదానం, ఇంతదాన్ని నోవహు ఓడలో యాడ ఎక్కించినారంట?" అని ఎకసెక్కం చేశాడు. "గుడ్డుగా ఉన్నప్పుడు ఎక్కించుంటారు అయ్యగారూ. దాని గుడ్డు మన చేతుల్లో పట్టేంతే" అన్నాను. గుడ్ల సంగతి నిజం.

మెడ ఎముక నమూనా ఒకటి వేరే మ్యూజియం నుంచి పెట్టెలో వచ్చింది. ప్లాస్టరు పోత. దాన్ని చూసి మిగతావి చిన్నా పెద్దా చేసి పోయాలి. ఆ నమూనాకు రెండు పక్కలా పెద్ద పెద్ద గుంటలు, లోపలికి బొక్కలు. ఇక్కడ నేను చేసిన తప్పు మా వృత్తివాళ్లు తప్ప ఇంకొకరు చేయలేరు. పోతలో గాలి బుడగ పడి గుంట మిగిలిందంటే అది పనివాడికి తలవంపులు. గుంట కనపడితే పుట్టీ పెట్టి పూడ్చడం మా చేతికి పుట్టుకతో వచ్చినంత అలవాటు. ఎవడో చేతకానివాడు పోసిన పోత అని తిట్టుకుంటూ, రెండు రోజులు కూర్చుని ఆ గుంటలన్నీ నున్నగా పూడ్చేశాను. దాన్నుంచే అచ్చు తీసి, మెడ ఎముకలన్నీ గట్టి ప్లాస్టరుతో రెండేసి సగాలుగా పోసి, అతికించి, ఇనుప దూలానికి తగిలించాను.

మూడో రోజు మధ్యాహ్నం, మేము వరండాలో క్యారియర్లు విప్పుకుని కూర్చున్నప్పుడు, హాల్లోంచి పెద్ద చప్పుడైంది. దూలం వంగి, మెడ మొదలంటా కూలి, ఎముకలు ముక్కలై నేలంతా పరుచుకుని ఉన్నాయి. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఒక ముక్క మీద లోపలి వైపు గీకిన నా పేరు పైకి తేలి కనపడింది. ఎవణ్ణి తన్నాలో తెలిసింది.

మస్తాన్ అంగడి

ఆదివారం చర్చి అయ్యాక కోడి కొనుక్కుని ఇంటికి వెళ్లడం మా ఇంటి పద్ధతి. ఇరవై ఏళ్లుగా మస్తాన్ అంగడి దగ్గరే. ఆ రోజు నా మొహం చూసి, "ఏందన్నా, ఎట్టనో ఉండావు?" అని అడిగాడు. మెడ కూలిన కథంతా చెప్పాను. అంత పెద్ద జంతువు, అంత బరువు మెడ, దేవుడు ఎట్టా నిలబెట్టినాడో నాకు అంతుబట్టడం లేదన్నాను.

మస్తాన్ కత్తి పక్కన పెట్టి నవ్వాడు. "బరువని ఎవురు చెప్పినారు నీకు? కోడి ఎముకల్లో గాలే గదా ఉండేది!"

"గాలేంటి మస్తాన్?"

"నేను చిన్నప్పుడు మా నాయన కాడ పని నేర్చుకుంటా, తెలీక కోయకముందే రెక్క విరిచినా. గొంతులో ఊపిరాడేకొద్దీ విరిగిన ఎముకలోంచి బుడగలు బుడగలుగా నురగ. మా నాయన వీపు పగలగొట్టినాడు, జీవాన్ని బాధ పెడతావా అని. నురగ మాత్రం నేను మర్చిపోలేదు. ఉండు, చూపిస్తా."

అప్పుడే కోసిన నాటుకోడి ఒకటి ఉంది. దాని గాలిగొట్టంలోకి సన్నటి బొప్పాయి కాడ దూర్చి, దారంతో బిగించి కట్టాడు. పొట్ట జాగ్రత్తగా తెరిచి, నన్ను ఊదమన్నాడు. ఊదాను. పేగుల చుట్టూ పల్చటి పొరల సంచులు, ఒకటి తర్వాత ఒకటి ఉబ్బాయి. ఊపిరితిత్తులు మాత్రం పక్కటెముకలకు అంటుకుని అంతే ఉన్నాయి, పెద్దగా కదల్లేదు. కొలిమిలో తిత్తి ఒకచోట, నిప్పు ఒకచోట ఉన్నట్టే, కోడికి గాలి తోసే సంచులు వేరు, ఆ గాలిని వాడుకునే ఊపిరితిత్తులు వేరు. తర్వాత రెక్క మొదటి ఎముకను మధ్యకు కోసి, చివర నీళ్ల గిన్నెలో ముంచాడు.

"ఇప్పుడు ఊదన్నా."

ఊదాను. నీళ్లలో బుడగలు వచ్చాయి. నేను గొంతులో ఊదిన గాలి రెక్క ఎముకలోంచి బయటికొస్తోంది. కోడి కోసం నిలబడ్డవాళ్లంతా చుట్టూ మూగారు. ఎవరో, "సారుకి ఏమైంది?" అన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే నాకు ఆ గుంటలు గుర్తొచ్చాయి. అవి ఎవడి చేతకానితనమూ కాదు. గాలి సంచులు ఎముకలోకి దూరిన దారులవి. అంత మెడ లేవడానికి కారణం ఆ ఖాళీలే. వాటిని పని వచ్చిన చేత్తో, శ్రద్ధగా పూడ్చేశాను నేను.

సోమవారం పొద్దున్నే ఉలి తీసుకుని, పూడ్చిన పుట్టీ అంతా నేనే తవ్వాను. మస్తాన్ మాట ఒక్కటే పట్టుకుని ఊరుకోలేదు. పుస్తకాలు తిరగేశాను, డైనోసార్ల మీద పనిచేసే ఒక ప్రొఫెసరమ్మకు ఫోన్ చేశాను. "అవునండీ, పక్షులకు ఉన్నట్టే. ఆ గుంటలే దానికి సాక్ష్యం" అంది. వచ్చే ఏడు ఉద్యోగంలో చేరేవాళ్లు ఇది రాసుకోండి: పుస్తకం చదవని మోడలర్ సగం పనివాడు, పుస్తకం ఒక్కటే చదివిన మోడలర్ కూడా సగం పనివాడే.

రాకెట్టు ముక్క

ఈసారి బోలు ఎముకలు కావాలి. ప్లాస్టరు పనికిరాదు. గూడూరు అవతల తీరాన జాలర్లకు ఫైబరు పడవలు చేసే షెడ్డు ఒకటి ఉంది. పడవ కూడా బోలుగా, తేలిగ్గా, గట్టిగా ఉండాలి కదా. అక్కడే నెల రోజులు ఉండి మెడ ఎముకలన్నీ పోయించాను. లారీ మీద వేసుకుని హైవే ఎక్కి, మనుబోలు దగ్గర టీకి ఆగితే జనం మూగారు.

"శ్రీహరికోట నుంచా అన్నా? రాకెట్టు ముక్కనా ఇది?" అని టీ అంగడి ఆయన అడిగాడు.

"కాదు, మెడ."

"ఎవుర్ది?"

నేను చెప్పింది ఆయన నమ్మలేదు. టీ మాత్రం ఊరికే ఇచ్చాడు.

హాల్లో మెడ లేచింది. పాత దూలంలో సగం దూలం సరిపోయింది. ఛాతీ భాగంలో అద్దం పెట్టి, లోపల పల్చటి రబ్బరు సంచులు అమర్చాను. పిల్లలు కాలితో తిత్తి తొక్కితే సంచులు ఉబ్బి దిగుతాయి. ఒక మెడ ఎముకను పిల్లల ఎత్తుకు దించి, గుంట దగ్గర టార్చిలైటు గొలుసుకు కట్టాను, వంగి లోపలి ఖాళీ చూడొచ్చు. దాని పక్కన గాజు పెట్టెలో కోడి ఊపిరితిత్తులు, రెక్క ఎముక. వాటి కింద బోర్డు: "ఎముకలో గాలి ఉంటుందని కోడి రెక్కతో చూపించి మా తప్పు దిద్దినవారు: షేక్ మస్తాన్, కోడి మాంసం వ్యాపారి, నెల్లూరు."

తీయను

అప్పటికి కొత్త డైరెక్టరు గారు వచ్చారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. హాలంతా ఒక చుట్టు తిరిగి, "దేవదానం, ఇది అరవదా?" అన్నారు.

"అరవదు సార్. ఊపిరి పీలుస్తుంది."

"ఊపిరి చూడ్డానికి ఎవడొస్తాడయ్యా? కళ్లలో ఎర్ర బల్బులు పెట్టు. పళ్లు పెంచు."

"ఆకులు మింగేదానికి అంత పళ్లెందుకు సార్?"

"పిల్లలకు అవన్నీ ఏం తెలుస్తాయి!"

మ్యూజియంలో అనకూడని మాట ఏదైనా ఉంటే అది ఇదే. పిల్లలకు తెలీదు కాబట్టే మనకు జీతం. ఆయన ఆఖరికి గేటు బయట సిమెంటుతో వేరే బొమ్మ చేయించి, దానికి ఎర్ర బల్బులు పెట్టించుకున్నారు. ఇప్పుడు దానికి ఒక కన్నే వెలుగుతోంది.

తర్వాత గాజు పెట్టె దగ్గర ఆగి బోర్డు చదివారు. మొహం ఎర్రబడింది.

"ఇది మ్యూజియమా, చికెన్ సెంటరా? ఓపెనింగుకి పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వస్తున్నారు. కోళ్లు కోసేవాడి పేరు చదవాలా వాళ్లు?"

"చదువొచ్చినవాళ్లే గద సార్. చదువుతారు."

"పెట్టె ఉండనీ. పేరు తీసెయ్."

"తీయను సార్."

ఆయన గొంతు తగ్గించి, "నాలుగు నెలల్లో రిటైరవుతున్నావు. నీ పెన్షన్ కాగితాలు నా టేబుల్ మీద నుంచే పోవాలి" అన్నారు. సాయంత్రానికి మెమో వచ్చింది. పై అధికారి ఆజ్ఞ ధిక్కరించినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. ముప్పై మూడేళ్ల ఉద్యోగం ఆఖర్న మచ్చ పడితే ఎవరికైనా భయమే. ఇంటికెళ్లి మా ఆవిడకు మెమో చూపించాను. ఆమె రెండుసార్లు చదివి మడిచి ఇచ్చింది.

"తీసేస్తే ఆదివారం ఆ అంగడికి ఏ మొహం పెట్టుకుని పోతావు? తీయబాక" అంది.

సంజాయిషీ ఒక్క ముక్కలో రాశాను: "బోర్డు మీద ఉన్నది నిజం. నిజాన్ని తీసే పని నాకు రాదు." పోలయ్య నవ్వు నా చెవిలో ఉండగా ఇంకోలా ఎలా రాస్తాను? ఒకసారి చోటు చాల్లేదన్నాను. రెండోసారి ఆ మాట అనడానికి నా నోరు లేవలేదు.

ఓపెనింగుకి రెండు రోజుల ముందు పొద్దున వెళ్లేసరికి బోర్డు లేదు. నాలుగు స్క్రూ బొక్కలు మిగిలాయి. ఎవరి చేత తీయించారో అడగలేదు. వాళ్లవీ ఉద్యోగాలే.

వంగి చూడండి

ఆ మధ్యాహ్నం హాలు తలుపు దగ్గరేసుకుని, పడవల షెడ్డు నుంచి మిగిలిన ఫైబరు జిగురులో నల్లరంగు కలిపాను. పిల్లల ఎత్తులో ఉన్న ఆ మెడ ఎముక గుంటలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, లోపలి గోడ మీద ఉబ్బెత్తు అక్షరాలు పోశాను. మూసే ముందే గీకాలని మేస్త్రి ఆచారం, మూశాక రాశాను. సొంత పేరే గీకాలని ఆచారం, వేరేవాళ్లవి రాశాను. మేస్త్రి బతికుంటే చేతి మీద ఒకటి ఇచ్చి, తర్వాత టీ తాగించేవాడు. జిగురు ఆరేలోపు డైరెక్టరు గారు వచ్చి, "ఏమిటీ వాసన?" అన్నారు. "ఎముకలో కొంచెం పని మిగిలిపోయింది సార్, పూర్తి చేశాను" అన్నాను. గుంట వైపు చూశారు కానీ, చూడాలంటే మోకాళ్ల మీద వంగాలి. ఆయన వంగే మనిషి కాదు. వెళ్లిపోయారు.

ఓపెనింగు రోజు మస్తాన్ తెల్ల చొక్కా వేసుకుని, భార్యను తీసుకుని వచ్చాడు. బోర్డు పెడుతున్నానని నేనే ముందు చెప్పి ఉన్నాను. గాజు పెట్టె ముందు నిలబడి అటూ ఇటూ వెతికాడు. స్క్రూ బొక్కలు చూశాడు. భార్య ఏదో అడగబోతే చెయ్యి నొక్కాడు.

"పర్లేదులే అన్నా" అని నవ్వాడు.

అదే నవ్వు. ఈసారి నేను చూస్తూ ఊరుకోలేదు. టార్చి చేతికిచ్చి, "వంగి చూడు మస్తాన్" అన్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, తల గుంటకు ఆనించి లైటు వేశాడు. చాలాసేపు లేవలేదు. వెనక లైనులో ఉన్న ప్రొఫెసర్లు గొణుక్కున్నారు. గొణుక్కోనీ అన్నాను, పైకే అన్నాను.

లోపల రెండు వరసలున్నాయి. "షేక్ మస్తాన్ చూపించినాడు." దాని కింద, "పోలయ్య చెప్పినాడు."

మస్తాన్ లేచి మొహం తుడుచుకుని ఒకే మాట అడిగాడు. "ఇది పోదు గదన్నా?"

"ఎముక పగలగొడితే తప్ప పోదు."

నా కాగితాలు ఆరు నెలలు ఆలస్యంగా కదిలాయి. కదిలాయి కదా, చాలు. రిటైరయ్యాక ఒకసారి మామూలు మనిషిలా టికెట్ కొనుక్కుని వెళ్లాను. ఒక పాప గుంటలో తల పెట్టి, "మిస్, మస్తాన్ అంటే ఈ డైనోసార్ పేరా?" అని అరిచింది. టీచరు వచ్చి వంగి చూసింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వంగారు. కోళ్లు కోసే మనిషికీ, చదువు రాని జాలరికీ ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని లైటు వేస్తుంటే, నేను స్తంభం పక్కన నిలబడి కళ్లారా చూసుకున్నాను.

ఇన్నాళ్లూ ఇది రహస్యం. ఇప్పుడు రాసేశాను కాబట్టి డైరెక్టరు గారికీ తెలుస్తుంది. తెలియనీ. ఆ పేర్లు చెరపాలంటే ముందు ఆయన వంగాలి, లైటు వేసుకుని చదవాలి.